నేలకి చేరని రసాయనం కోసం చిత్తూరు దాకా

తిరుపతి నుంచి తిరిగొచ్చాక మా స్టాఫ్ రూములో అందరూ అడిగింది ఒకటే, "లడ్డూలు తెచ్చారా?" అని. తెచ్చాను, పంచాను, తిన్నారు. ఎందుకెళ్ళారని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడగనివాళ్ళకి చెప్పడమే నా వృత్తి. రాజమండ్రిలో పిల్లలకి వృక్షశాస్త్రం చెప్పి చెప్పి ఆ సిగ్గు ఎప్పుడో పోయింది. కాబట్టి చెప్తాను, వినండి.

బట్టల అద్దకంలో రంగు గుడ్డని వదలకుండా పట్టుకోవడానికి ఒక రసాయనం కలుపుతారట. దాన్ని చేపల మీద పరీక్షించారు, నీళ్ళలో ఈదే చిన్న పురుగుల మీద పరీక్షించారు, ఆఖరికి పాచి మీద కూడా పరీక్షించారు. ఇక నేల మీద మొలిచే మొక్కల మీద కూడా పరీక్షించాలా, అక్కర్లేదా? ఇది తేల్చడానికి ప్రభుత్వంలో పైవాళ్ళు ముగ్గురితో ఒక కమిటీ వేశారు. అధ్యక్షులవారు రిటైరైన రసాయనశాస్త్ర ఆచార్యులు. రెండో ఆయన విషాలకి చేపలు ఎలా చచ్చిపోతాయో జీవితమంతా చూసినాయన. ఆయన్ని అందరూ చేపల డాక్టరు గారంటారు. మూడో మనిషిని నేను. మొక్కల గురించి కదా, మొక్కల మనిషి ఒకరుండకపోతే బావుండదని చివర్లో గుర్తొచ్చి నన్ను పిలిచారు. కూరలో కరివేపాకంటారే, అదీ నా హోదా.

తిరుపతి: మొదటి తీర్మానం

రైలు దిగగానే కమిటీ మొదటి తీర్మానం ఏకగ్రీవంగా జరిగిపోయింది. ముందు దర్శనం, తర్వాతే రసాయనం.

నాకేం అభ్యంతరం? కొండెక్కాం, క్యూలో నిలబడ్డాం. అధ్యక్షులవారు ఆ క్యూలోనే విషయం తేల్చేశారు. "చూడమ్మా, ఫ్యాక్టరీ నీళ్ళు గొట్టంలో పోతాయి. గొట్టం శుద్ధి చేసే తొట్టిలోకి పోతుంది. తొట్టి లోంచి కాలవలోకి. మధ్యలో నేల ఎక్కడ తగిలింది? తగలని నేలకి పరీక్ష దేనికి? కంపెనీలకి ఖర్చు కదా!"

"తగలదని ఎవరు చెప్పారండీ?" అన్నాను.

"కంపెనీవాళ్ళే," అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహంలో ఇసుమంతైనా అనుమానం లేదు. వెనక నించున్నావిడ గోవిందా అంది. నేనూ అన్నాను, మరేం అనగలను?

కిందికొచ్చాక ఒక హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఇక్కడ ఇడ్లీ తెచ్చినవాడు చెప్పా పెట్టకుండా గరిటెడు సాంబారు దాని నెత్తిన కుమ్మరించేస్తాడు. మా గోదావరి జిల్లాల్లో అలా చేస్తే గొడవైపోతుంది. అల్లప్పచ్చడేది బాబూ అంటే, "అది మీ తట్టు మేడమ్, ఈడ సాంబారే," అని నవ్వి ఇంకో గరిటె పోశాడు. నిజం చెప్పొద్దూ, బావుంది.

శ్రీ సిటీ: గోడ మీద బాణాలు

మర్నాడు పొద్దున్నే కారొచ్చింది. నడిపేది ఖాదర్ బాషా, తిరుపతివాడు. వాళ్ళ నాయన టోపీలు కుట్టేవాడట. ఇతను మాత్రం "నాకు సూది పట్టుకుంటే నిద్రొస్తాది మేడమ్, స్టీరింగ్ పట్టుకుంటే మెలకువొస్తాది," అన్నాడు. ఆ రెండో మాట వినగానే నాకు ధైర్యం వచ్చింది.

శ్రీ సిటీలో ఒక చల్లటి హాల్లో ఆ రసాయనం అమ్మేవాళ్ళు మాకోసం సమావేశం పెట్టారు. ఏ కంపెనీ అన్నది ఎందుకులెండి. గోడ మీద బొమ్మలు వేసి చూపించారు. రసాయనం డబ్బా లోంచి ఒక బాణం బయల్దేరి నీళ్ళలోకి వెళ్ళింది. నీళ్ళలో ఒక చేప నవ్వుతోంది. ఇంకో బాణం మొక్క వైపు బయల్దేరబోయింది కానీ దాని మీద ఎర్రగా అడ్డగీతలు కొట్టేశారు. మొక్క కూడా నవ్వుతోంది. అడ్డగీత కొట్టిందెవరని అడిగాను. బొమ్మ గీసిన కుర్రవాడు తన పక్కవాడి వైపు చూశాడు, పక్కవాడు వాడి పక్కవాడి వైపు చూశాడు. అలా చూపులు వరసంతా తిరిగి టిఫిన్ల బల్ల దగ్గర ఆగాయి. సరే పదండి టిఫిన్ చేద్దాం అన్నారు.

వెళ్ళేటప్పుడు జ్ఞాపికలిచ్చారు. "మొక్కలంటే మాకు ప్రాణం మేడమ్," అంటూ నా చేతిలో ఒక కుండీ పెట్టారు. ప్లాస్టిక్ మొక్క. ఆకు మీద మంచు బొట్లు కూడా ప్లాస్టిక్కే. దీనికి ఏ రసాయనం పోసినా ఏమీ కాదు, ఆ మాట మాత్రం ఒప్పుకోవాలి.

బయట ఫ్యాక్టరీ బస్సులు బారులు తీరి ఉన్నాయి. షిఫ్టు దిగిన ఆడపిల్లలు భుజాన బ్యాగులేసుకుని గబగబా ఎక్కుతున్నారు. "సుట్టుపక్కల ఏ ఊరెళ్ళినా ఇంటికో పిల్ల ఈడికే వస్తాది మేడమ్," అన్నాడు బాషా. మధ్యాహ్నానికి తడ చేరి చేపల పులుసు తిన్నాం. పులికాట్ చేపలట. ఆ రోజు మొత్తంలో చేపల డాక్టరు గారి మొహం వెలిగింది అక్కడొక్కచోటే. నాలుగడుగులేస్తే తమిళనాడు కాబట్టి వడ్డించేవాడు తెలుగులో మొదలుపెట్టిన మాట తమిళంలో ముగిస్తున్నాడు. నాకు సగం అర్థమైనా పులుసు మొత్తం అర్థమైంది.

పుత్తూరు: ఒక మామిడికాయ ఖరీదు

అక్కణ్ణించి సత్యవేడు, నాగలాపురం మీదుగా చిత్తూరు దారి పట్టాం. అటూ ఇటూ మామిడి తోటలు. కాయలు చేతికందేంత కిందికి వేలాడుతున్నాయి. మా వైపు చెరుకురసాలకి ఉన్న మర్యాద ఇక్కడ బేనీషాకి, అంటే మన బంగినపల్లికే, ఉంది. ఎవరిని కదిపినా ఆ కాయ గురించి తమ్ముడి గురించి చెప్పినట్టు చెప్తారు.

చేపల డాక్టరు గారికి ఒక కాయ మీద మనసైంది. కారాపమన్నారు. గట్టెక్కారు. కంచె అవతలికి చెయ్యి చాపారు. పాపం, తోటవాడెవరో దూరంనుంచి "ఎవురప్పా ఆడ?" అని కేకేసేసరికి ఉలిక్కిపడి గట్టు మీంచి దొర్లి పడ్డారు. మణికట్టు బూరెలా పొంగింది.

"భయం లేదు సార్, ముందుండేది పుత్తూరే," అన్నాడు బాషా. పుత్తూరు కట్టు సంగతి నేనూ విన్నాను. ఎముక విరిగినా తొలగినా ఎక్కడెక్కడి జనమో అక్కడికే వస్తారు. పెద్దాయన ఒకాయన చెయ్యి తడిమి, ఒక్క లాగు లాగి, నూరిన ఆకుపసరు పట్టించి, గుడ్డుసొన రాసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టేశాడు. డాక్టరు గారు నొప్పిలోనూ శాస్త్రం మరిచిపోలేదు. "ఇదేం ఆకండీ?" అని అడిగారు.

"అది సెప్పం సార్, ఇంటి మందు," అన్నాడాయన.

"పరీక్షలేమైనా చేయించారా?"

"మీరు నాలుగు దినాలాగి సెయ్యి ఆడించి సూసుకోండి, అదే పరీక్ష."

కార్లో నేను ఊరుకుంటే బావుండేది. కానీ నోరు ఊరుకోదే! "నేలమొక్కలు మన కమిటీకి అక్కర్లేదు గానీ మన చేతులకి కావాలన్నమాట," అన్నాను. డాక్టరు గారు మొహం కిటికీ వైపు తిప్పేసుకున్నారు.

కార్వేటినగరం దాటాక: నల్లమట్టి ట్రాక్టరు

కార్వేటినగరంలో పాత రాజుల మహలు గోడలు కనిపిస్తే రెండు నిమిషాలు ఆగుదామన్నాను. వినలేదు. ఊరు దాటాక ఒక అద్దకం ఫ్యాక్టరీ చూడాలి మరి. దీని పేరూ నేను చెప్పను. మేనేజరు మర్యాదస్థుడు, మజ్జిగిచ్చాడు. నీళ్ళు శుద్ధి చేసే తొట్టి దగ్గరికి తీసికెళ్ళి "ఈ నీళ్ళు తాగొచ్చు సార్," అన్నాడు. "అయితే తాగండి," అన్నాను. నవ్వేశాడు. తాగలేదు.

తొట్టి అడుగున చిక్కగా పేరుకున్న నల్లటి మడ్డిని పక్కన ఆరబోశారు. ఆరిపోయాక అది చెరువు మట్టిలా మెత్తగా, నల్లగా నిగనిగలాడుతోంది. దాన్ని ఒక ట్రాక్టరులోకి ఎత్తుతున్నారు.

"ఇదెక్కడికి?" అన్నాను.

"ఊళ్ళల్లో రైతులకి మేడమ్. ఉచితం! రూపాయి తీసుకోము. పొలాలకి ఎరువు మాదిరి వేసుకుంటారు. మా కంపెనీ సామాజిక సేవ," అన్నాడు మేనేజరు గర్వంగా.

నేను అధ్యక్షులవారి వైపు చూశాను. నేల ఎక్కడ తగులుతుందమ్మా అని కొండ మీద అడిగారే, ఇదిగో, ట్రాక్టరెక్కి మరీ వెళ్తోంది నేల దగ్గరికి. ఆయన మజ్జిగ గ్లాసులోకి చూస్తూ, "ఇది మన పరిధిలోకి రాదు. మనది రసాయనం. ఇది మట్టి," అన్నారు.

ఓరి నాయనో! నాకు ఒళ్ళు మండిపోయింది. "బాషా, ఆ ట్రాక్టరు వెనకే పోనీ," అన్నాను. అధ్యక్షులవారు ఏసీ ఆపకపోతే చాలన్నారు, డాక్టరు గారు చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు.

రేవతి వాళ్ళ ఊరు: అయిదు బోడి కుండలు

ట్రాక్టరు ఆగింది మునిరత్నం అనే రైతు ఇంటి ముందు. దొడ్డి పక్కన అప్పటికే ఒక గుట్ట ఉంది. పందిరి గుంజలు పాతి ఉన్నాయి కానీ పైన కొబ్బరాకు లేదు. ఎవరి పెళ్ళమ్మా అని అడిగాను, తెలిసీ తెలియకుండా అడిగే ప్రశ్న. మునిరత్నం భార్య చెంగమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికెళ్ళిపోయింది.

జవాబిచ్చింది కూతురు రేవతి. ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ళుంటాయి. శ్రీ సిటీలో సెల్‌ఫోన్లు బిగించే పని, ఆ బస్సుల్లోనే పోయొస్తుంది. అక్కడే పనిచేసే పళ్ళిపట్టు అబ్బాయి గోపీ, ఈ పిల్లా ఇష్టపడ్డారు. రెండిళ్ళూ ఒప్పుకున్నాయి. లగ్నం కూడా పెట్టారు.

"మరేమైంది?" అన్నాను.

"పాలికలు మొలవలేదు మేడమ్," అంది.

మా వైపు కూడా పెళ్ళిలో పాలికలు పోస్తారు. చిన్న మట్టి మూకుళ్ళలో మట్టి పోసి, ముత్తయిదువుల చేత నవధాన్యాలు చల్లించి, పాలూ నీళ్ళూ చిలకరిస్తారు. కానీ మా దగ్గర అదంతా ఫొటోగ్రాఫరు కోసం. పెళ్ళయ్యాక ఆ మూకుళ్ళు ఏమయ్యాయో పెళ్ళికూతురికే తెలీదు. ఇక్కడ ఈ ఇళ్ళల్లో అలా కాదు. పెళ్ళికి ముందే పోసి, గంప బోర్లించి, మొలకలొచ్చాక రెండు వైపుల పెద్దలూ వచ్చి చూస్తారు. ఏపుగా వస్తే వంశం అలాగే పచ్చగా ఉంటుందని నమ్మకం. రేవతి చేత్తో పోసిన అయిదు పాలికల్లో ఒక్క గింజ తల ఎత్తలేదు. గోపి తల్లి గోవిందమ్మ, గంప ఎత్తి చూసి, అందరి ముందూ అనేసిందట, "ఈ పిల్ల చెయ్యి పడితే ఇల్లు మొలకెత్తదు," అని.

"ఆయమ్మ వాళ్ళక్క ఊరంతా ఫోన్లు చేసి చెప్పింది. బస్సులో నా పక్క సీటు పిల్లకి గూడా తెలిసిపోయినాది. ఆషాడం వస్తాంది, దాటితే శ్రావణంలో వేరే పిల్లని చూస్తారంట. గోపీ ఏమో, మా అమ్మ ఒప్పుకుంటేనే అంటాడు." ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు, పళ్ళు కొరికింది. "నా చేతికేం తెగులు మేడమ్? ఈ చేతుల్తోనే గదా మూడేండ్లుగా ఫోన్లు బిగిస్తా ఉండా!"

ఆ పాలికల కుండలింకా దొడ్లోనే ఉన్నాయి. చూశాను. మట్టి నల్లగా, పిండిలా మెత్తగా ఉంది. గింజలు ఉబ్బి, నల్లబడి, కుళ్ళిపోయాయి. ఎక్కడి మట్టమ్మా ఇది అని అడిగేసరికి చెంగమ్మ బయటికొచ్చి, "పుట్టమన్నే పొయ్యాల. ఎండలకి గట్టిగా పెళ్ళలు కట్టుండాది. శుభమా అంటా పోస్తా ఉండాం, మంచి మన్ను పోద్దామని ఈ నల్లమన్ను జల్లించి పోస్తిని," అంది. పొలంలో పల్చగా చల్లితే మొక్కలు ఏదో ఈసురోమని బతికాయి, వానలు సరిగా పడలేదనుకున్నారు. కుండలో మాత్రం మొత్తం అదే. బిడ్డ పెళ్ళికదా అని ఆ తల్లి ప్రేమగా, జల్లెడ పట్టి మరీ, ఆ మడ్డినే నింపింది.

నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ప్రపంచంలో ఎక్కడైనా సరే, నేలమొక్కల మీద రసాయనం పరీక్షంటే ఏం చేస్తారనుకున్నారు? కుండలో మట్టి పోసి, వరీ గోధుమా పెసలూ లాంటి గింజలు నాటి, మొలుస్తాయా మొలవవా అని చూస్తారు. అంతే! మేం ముగ్గురం ఏసీ కార్లో ఊళ్ళు తిరుగుతూ చెయ్యాలా వద్దా అని వాదించుకుంటున్న పరీక్ష ఇక్కడ పసుపూ కుంకుమా పెట్టి చేసేశారు. ఫలితం కూడా వచ్చేసింది. కాకపోతే మట్టికి రావలసిన మార్కులు పిల్లకి వేశారు.

నాకు తెలిసింది రేవతికి చెప్పాను. ఆమె చటుక్కున లేచి నా మోకాళ్ళ ముందు కూర్చుంది. "మీరు గవర్నమెంటుకి రాసేదాన్లో ఒక్క మాట రాయండి మేడమ్. తప్పు మన్నుదని. సీలేసిన కాయితం చూపిస్తే ఆయమ్మ నమ్ముతాది."

రాస్తానన్నాను. అన్నాక కారు వైపు చూశాను. అద్దాలెత్తి ఉన్నాయి.

చెంగమ్మ కార్లోవాళ్ళని కూడా పిలిచి సంగటి పెట్టింది, ఊరిబిండితో, అంటే వేయించిన వేరుశనక్కాయల పచ్చడితో. రాగిసంగటి నమలకూడదట, మింగాలట. నేను నమిలాను, అది పళ్ళకంటుకుని పది నిమిషాలు నోరు తెరవలేకపోయాను. అధ్యక్షులవారికి ఆ పది నిమిషాలూ ఎంత హాయిగా గడిచాయో!

బయల్దేరేముందు నాకో ఆలోచన వచ్చింది. కాయితం ఎప్పుడొస్తుందో, అసలొస్తుందో లేదో. మళ్ళీ పోద్దాం అన్నాను. అయిదు కుండల్లో ఈ నల్లమట్టి, అయిదు కుండల్లో పుట్టమన్ను. ఒకే అంగడి గింజలు, ఒకే బోరు నీళ్ళు. నల్లమట్టిలో గోవిందమ్మే తన చేత్తో పొయ్యాలి. పుట్టమన్నులో రేవతి.

"ఆయమ్మ వస్తాదా?" అన్నాడు మునిరత్నం.

"వస్తాది నాయనా," అంది రేవతి. "తన చెయ్యి పడితే బండ మీద గూడా మొలుస్తాదని చెప్పుకుంటా ఉంటాది. పిలిస్తే రాకుండా ఉంటాదా!"

నిజంగానే మర్నాడు గోవిందమ్మ వచ్చి పోసి వెళ్ళిందని రేవతి ఫోన్ చేసింది. కొండ కిందనుంచి పుట్టమన్ను తవ్వి తెచ్చిపెట్టింది బాషా. ఎవరూ చెప్పకుండానే వెళ్ళాడు. "పెళ్ళి గదా మేడమ్," అన్నాడు.

చిత్తూరు: తిలాపాపం

చిత్తూరు గెస్ట్ హౌస్‌లో నివేదిక రాయడానికి కూర్చున్నాం. అధ్యక్షులవారు మొదటి వాక్యం చెప్పారు. "సదరు రసాయనం నేలకు చేరే మార్గం లేనందున, నేలమొక్కలపై పరీక్ష అవసరం లేదు."

నేను సంచీ తీసి బల్ల మీద పెట్టాను. రేవతి వాళ్ళ దొడ్లో మట్టి.

"ఏమిటిది?" అన్నారు.

"మీరన్నదేనండీ. నేలకి చేరంది."

అప్పుడు అన్ని వాదాలూ వచ్చాయి. మడ్డిలో ఆ రసాయనమే ఉందో, ఉప్పే ఉందో, ఇంకేముందో ఎవరు చెప్పగలరు అన్నారు డాక్టరు గారు, కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ. "చెప్పలేం కదా. అది చెప్పడానికే పరీక్ష పెట్టమంటున్నాను," అన్నాను. పెళ్ళి కుండలు సాక్ష్యం కావన్నారు అధ్యక్షులవారు. కాకపోతే సరిగా మీరే చేయించండి అన్నాను. చేయించాలంటే అవసరముందని తేలాలి, అవసరముందో లేదో తేల్చడానికి ఆధారం కావాలి, ఆధారం కావాలంటే పరీక్ష చెయ్యాలి, పరీక్ష మాత్రం అవసరం లేదు. పిచ్చి కుదిరితే గానీ పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితే గానీ పిచ్చి కుదరదు!

"పోనీ ఒక పని చెయ్యండి," అన్నాను. "నిన్న టీ దగ్గర మీ మేడ మీద గులాబీల గురించి చెప్పారు కదా. మంచి నల్లమట్టి, ఉచితం. ఈ సంచీ పట్టుకెళ్ళి ఒక్క కుండీలో వేసుకోండి."

ఆయన కుర్చీ వెనక్కి జరిపేశారు. "నా గులాబీలకా! ఊటీ నుంచి తెప్పించానమ్మా! నీకేమైనా మతిపోయిందా?"

ఆయనకి తను ఏమన్నారో తెలిసింది. డాక్టరు గారికీ తెలిసింది. తెలిసీ, కాసేపు గొంతులు సవరించుకుని, ఇద్దరూ సంతకాలు పెట్టారు. అవసరం లేదని. నేను ఒప్పుకోనని నాలుగు పేజీలు రాసిచ్చాను. నివేదిక చివర అనుబంధాల వెనక, కారు బిల్లుల తర్వాత దాన్ని కుట్టారు. తప్పు మట్టిదన్న మాట ఆ నాలుగు పేజీల్లో ఉంది. అంతలోతుకి వెళ్ళి చదివేవాడు ఈ భూమ్మీద ఉన్నాడని నేననుకోను. ఆ పిల్లకి రాస్తానని మాటిచ్చానే, దానికి సీలు పడలేదు.

మళ్ళీ ఆ దొడ్లోకి

నివేదిక పనుల మీద ఇంకా చిత్తూరులోనే ఉన్నాం. అయిదో రోజు, కుండలు చూసే రోజు, అధ్యక్షులవారూ డాక్టరు గారూ కాణిపాకం వెళ్ళారు. నేను బాషాతో రేవతి వాళ్ళ ఊరెళ్ళాను.

దారంతా నాకు ఒకటే భయం. రెండూ మొలవకపోతే? అంతకంటే ఘోరం, గోవిందమ్మ పోసిన గింజలు నల్లమట్టిలో మొలిచేస్తే? కొత్తగా వచ్చిన మడ్డిలో ఆ ఘాటు లేకపోతే? అప్పుడిక ఆ పిల్లని ఎవరూ కాపాడలేరు. మొదటిసారి పోయింది పరువైతే, రెండోసారి పోయేది పెళ్ళే, అదీ నేను చేతులారా పోగొట్టినట్టు. తగుదునమ్మా అని ఈ సలహా ఇచ్చినందుకు నన్ను నేను తిట్టుకున్నాను.

దొడ్డి నిండా జనం. పళ్ళిపట్టు నుంచి గోవిందమ్మ నలుగురైదుగురు చుట్టాలతో వచ్చింది. బలమైన మనిషి, పెద్ద బొట్టు, చేతినిండా గాజులు. వాళ్ళ వెనకాల తెల్లచొక్కాలో నేల చూపులు చూస్తున్న అబ్బాయి గోపి అని చెప్పకుండానే తెలిసింది. రేవతి దగ్గరికెళ్ళి, ఇష్టం లేకపోతే ఆపేద్దామా అన్నాను చిన్నగా.

"ఎత్తమనండి మేడమ్. ఇప్పుడు మాత్రం నాకేం మిగిలుండాదని!" అంది.

మునిరత్నం ముందు పుట్టమన్ను మీది గంప ఎత్తాడు. అమ్మయ్య! పెసలూ అలసందలూ గోధుమలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వేలెడెత్తు లేచి ఉన్నాయి. జనంలో ఒక్కసారిగా కలకలం. చెంగమ్మ ఏడుపందుకుంది. తర్వాత రెండో గంప ఎత్తాడు. అయిదు కుండలూ బోడి. నల్లమట్టి, కుళ్ళిన గింజలు, అంతే.

గోవిందమ్మ వంగి చూసింది. వేలితో మట్టి కెలికింది. ఉబ్బిన గింజ ఒకటి తీసి నలిపి వాసన చూసింది.

రేవతి ఆమె పక్కకొచ్చి కూర్చుంది. గొంతు పెంచలేదు.

"మీ చేతి తప్పని నేననను అత్తా," అంది. "నన్ను మాత్రం మీరన్నారు."

గోపి తలెత్తాడు. గోవిందమ్మ మొహం ఎర్రబడింది, లేచి వెళ్ళిపోతుందేమో అనుకున్నాను. లేవలేదు. చాలాసేపు ఆ బోడి కుండలనే చూసింది. తర్వాత చెయ్యి కొంగుకి తుడుచుకుని, రేవతి చెయ్యి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"సెరి," అంది చుట్టాల వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు. "తప్పు మన్నుది. పిల్లది కాదు. ఆషాడం వచ్చే లోపలే లగ్గం సూడండి."

ఎవరో చప్పట్లు కొట్టారు. చెంగమ్మ అందరికీ నీళ్ళివ్వడానికి లేచింది. రేవతి మాత్రం చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈడుండే పదిమందికి చెప్తే యాడ సరిపోతాది అత్తా? మీ అక్క ఊరంతా ఫోన్లు చేసింది గదా. ఆయమ్మకి గూడా చెప్పండి. ఇప్పుడే."

గోపి వచ్చి తన ఫోన్ తల్లి చేతిలో పెట్టాడు. ఆ అబ్బాయి ఆ రోజు చేసిన పని అదొక్కటే, అయినా మంచి పనే చేశాడు. గోవిందమ్మ స్పీకరు పెట్టి, దూరంలో ఉన్నవాళ్ళతో మాట్లాడేవాళ్ళు అరిచినట్టే గట్టిగా అరిచింది.

"అక్కా! నేనే. రెండు తూర్లు పోసి చూసినాం. తప్పు మన్నుది, పిల్లది కాదు. నువ్వు ఎవురెవురికి సెప్పినావో అందరికీ మళ్ళా సెప్పు."

అవతల్నుంచి ఆవిడ గొంతు గరగరమంటూ వచ్చింది. "ఎవురు సెప్పినారే ఆ మాట? కార్లో ఎవురో ఆపీసర్లొచ్చినారంటనే, వాళ్ళు సెప్పినారా?"

గోవిందమ్మ నా వైపు ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను.

"ఆపీసర్లు యాడ సెప్తారక్కా," అంది. "నా చేత్తో పోసిన కుండలే సెప్పినాయి."